గుండ్రం కింద శిలువ, మూడు కిరీటాలు, మూడు లిల్లీలు: ఈ రాగి బిళ్ల ఏమిటి?

#1 రాగిబిళ్ల

కలగలుపు విదేశీ నాణేల పొట్లంలో వచ్చిన బిళ్ల ఇది. అంకె లేదు, తేదీ లేదు, రాజు తల లేదు. కొలతలు: అడ్డం 22 మి.మీ., అంచు దగ్గర మందం 0.6 మి.మీ., బరువు 1.60 గ్రాములు. రంగు రాగిరంగే, అక్కడక్కడా గులాబీ ఛాయ.

ఒకవైపు నడుమ చిన్న పువ్వు. చుట్టూ మూడు కిరీటాలు, మూడు లిల్లీ పువ్వులు ఒకటి విడిచి ఒకటి. రెండోవైపు ఒక గుండ్రం, దాని కింద శిలువ. ఈ రెంటి చుట్టూ మూడు వంపుల చట్రం. గుండ్రం కింద శిలువ అంటే శుక్రగ్రహం గుర్తు. పాత రసవాదంలో రాగికీ అదే గుర్తు. బిళ్ల కూడా రాగిదే కాబట్టి రసవాదులకు సంబంధించినదేమోనని అనుమానం. రెండువైపులా అంచు వెంట రాత ఉంది గానీ సగం అరిగిపోయింది. ఒకవైపు ఏ-వి-డబ్ల్యూ-ఐ-ఎన్ అని, రెండోవైపు ఈ-ఐ-సి-హెచ్ అని మాత్రం చదవగలిగాను.

#2 వంకరఅంచు

ముందు ఆ శిలువ వైపును తలకిందులు చేసి చూడండి.

మీరు ముందువైపు నిలువుగా పట్టుకుని, పేజీ తిప్పినట్టు పక్కకు తిప్పి చూసి ఉంటారు. మిషన్‌లో కొట్టిన చాలా నాణేలకైతే ఆ పద్ధతి సరిపోతుంది, రెండు అచ్చులూ ఒక లెక్క ప్రకారం బిగించి ఉంటాయి కాబట్టి. సుత్తితో కొట్టిన బిళ్లలకు ఆ లెక్క లేదు. కింది అచ్చు దిమ్మలో బిగించి ఉంటుంది, పై అచ్చు చేత్తో పట్టుకుని కొడతారు. అది ఎటు తిరిగి ఉంటే అటే పడుతుంది. కాబట్టి ఏ వైపు పై భాగం ఏదో ఆ వైపునే వెతుక్కోవాలి. అంచు రాత ఎక్కడ మొదలవుతుందో అక్కడ చిన్న శిలువో, పువ్వో, నక్షత్రమో ఉంటుంది. దాన్ని గడియారంలో 12 దగ్గర పెట్టండి. బొమ్మ నిటారుగా నిలుస్తుంది.

#3 రాగిబిళ్ల

రాత మొదట్లో చిన్న పువ్వు ఉంది. దాన్ని పైకి పెడితే శిలువ పైన, గుండ్రం కింద వచ్చాయి. గుండ్రానికి నడుమ అడ్డంగా ఒక పట్టీ, దాని మీద నుంచి శిలువ దాకా నిలువుగా ఇంకో చిన్న పట్టీ కనిపిస్తున్నాయి.

#4 కోటబురుజు

శిలువ ఉందిగా, టెంప్లర్ వీరులది (మధ్యయుగపు క్రైస్తవ యోధుల సంఘం) అయ్యుంటుంది. లిల్లీలు కూడా ఫ్రాన్సువే.

#5 డాలుగీత

టెంప్లర్ల సంఘాన్ని పోపు 1312లో రద్దు చేశాడు. రాగిబిళ్ల గారు చదివిన అక్షరాలు నిటారైన రోమన్ పెద్దక్షరాలు. 1300 ప్రాంతపు బిళ్లల మీద ఉండేవి పొట్ట ఉబ్బిన, గుండ్రటి లొంబార్డిక్ అక్షరాలు. అక్కడికి టెంప్లర్ల మాట అయిపోయింది.

గుండ్రం, అడ్డపట్టీ, నిలువుపట్టీ, పైన శిలువ: ఈ నాలుగూ కలిస్తే అది రాజగోళం, అంటే పట్టాభిషేకంలో చక్రవర్తి చేతిలో పెట్టే బంగారు గోళం. పట్టీలు లేకపోతే అనుమానించాలి. ఉన్నాయి కాబట్టి అనుమానం లేదు. దానిచుట్టూ మూడు వంపులు, వంపుకూ వంపుకూ మధ్య బయటికి పొడుచుకొచ్చిన మొన ఉంటే ఆ చట్రాన్ని ట్రెషర్ అంటారు. అది అలంకారం, వంశచిహ్నం కాదు.

హెరాల్డ్రీలో, అంటే వంశచిహ్నాల శాస్త్రంలో, మొదట అడగాల్సిన ప్రశ్న డాలు ఉందా లేదా అని. ఒక గుర్తు ఫలానా రాజుది, ఫలానా ఊరిది అని చెప్పాలంటే అది డాలులో ఉండాలి, ఉండాల్సిన వరసలో ఉండాలి. ఫ్రాన్సు రాజుల మూడు లిల్లీలు డాలులో పైన రెండు, కింద ఒకటిగా ఉంటాయి. స్వీడన్ మూడు కిరీటాలూ అంతే, పైన రెండు, కింద ఒకటి. ఈ బిళ్ల మీద డాలే లేదు. పువ్వు చుట్టూ ఉన్న జాగాను ఆరు భాగాలు చేసి ఒకటి విడిచి ఒకటి నింపారు. మూడు అన్న అంకె వచ్చింది వంశం నుంచి కాదు, ఆరుని రెండుతో భాగించడం నుంచి. లిల్లీ చూసి ఫ్రాన్సు, కిరీటం చూసి స్వీడన్, గులాబీ చూసి ఇంగ్లండు అనుకుంటూ పోతే ఒకే బిళ్లకు మూడు దేశాలు తేలతాయి.

#6 కోటబురుజు

అలా అయితే ఎవరికీ చెందని గుర్తులు ఎందుకు చెక్కుతారు? ఫ్రాన్సులో లిల్లీలున్న లెక్కబిళ్లలు (లెక్కలు వేసుకోవడానికి వాడే బిళ్లలు) బోలెడు ఉన్నాయిగా.

#7 డాలుగీత

ఉన్నాయి. అసలు సంగతి కూడా అదే. ఫ్రాన్సు లెక్కబిళ్లలకు బాగా పేరుండేది. వాటి మీది డాలు, లిల్లీ శిలువ, ‘ఆవే మరియా గ్రాషియా ప్లేనా’ (మరియమ్మ ప్రార్థన) లాంటి రాత చూసి జనం నమ్మేవారు. తర్వాత వచ్చిన తయారీదారులు ఆ బొమ్మల్లో ముక్కలు తీసుకుని తమ బిళ్లల మీద పరిచారు. కొనేవాడికి రాచదర్జా కనిపించాలి, అంతే. అందుకే ఇలాంటి వాటి మీద గుర్తులు ‘ఎవరివి’ అని కాక ‘ఎలా పేర్చారు’ అని చూడాలి. నడుమ పువ్వు, చుట్టూ కిరీటాలూ లిల్లీలూ, వెనక మూడు వంపుల చట్రంలో రాజగోళం: ఈ జంటను చూస్తే నాకు ఒకే ఊరు తోస్తుంది. అక్షరాల పని పూర్తయ్యాక చెబుతాను. ముందే చెబితే ఆ ఊరి పేరే అక్షరాల్లో కనిపించడం మొదలవుతుంది.

డాలు ఉన్న బిళ్ల చేతికొచ్చినప్పుడు పనికొచ్చే రెండు మాటలు. డాలుకి ‘కుడి’ అంటే పట్టుకున్నవాడి కుడి, చూసేవాడికి ఎడమ. వివరణలు చదివి తారుమారుగా పోల్చుకునేవాళ్లు చాలామంది. రెండోది రంగుల గీతలు, అంటే డాలు రంగులను సూచించడానికి చెక్కే గీతలు. నిలువు గీతలు ఎరుపు, అడ్డ గీతలు నీలం, చుక్కలు బంగారం, ఖాళీ వెండి, అడ్డం నిలువు కలిస్తే నలుపు. ఈ పద్ధతి 1630ల తర్వాతే వ్యాపించింది. కాబట్టి అలాంటి గీతలు కనిపిస్తే బిళ్ల అంతకంటే పాతది కాదు. గీతలు లేకపోతే మాత్రం ఏమీ తేలదు.

#8 తూకంపిచ్చి

బొమ్మలు పక్కన పెట్టి బరువు చూద్దాం. 22 మి.మీ. అడ్డానికి 1.60 గ్రాములు చాలా పలచన.

డచ్ ఈస్టిండియా కంపెనీ రాగి నాణెం డాయిట్ కూడా ఇంచుమించు ఇంతే అడ్డం ఉంటుంది, వెనక రాష్ట్రాల డాళ్లు, సింహాలు ఉంటాయి. కానీ బరువు 3 గ్రాముల ప్రాంతం. కాబట్టి అది కాదు. పైగా వి అక్షరం కాళ్ల మీద ఓ, సి అక్షరాలు కూర్చున్న కంపెనీ గుర్తు ఇందులో లేదు. నాణేలను తూచే తూకపు బిళ్లలు ఇంకా మందంగా, చాలావరకు చతురస్రంగా ఉంటాయి. ఒకవైపే బొమ్మ ఉండటం మామూలు. అదీ కాదు. ఇంగ్లండులో 1648 నుంచి 1672 దాకా దుకాణదారులు వేసుకున్న చిల్లర టోకెన్లు చాలావరకు ఇంతకంటే చిన్నవి. వాటి మీద వృత్తిసంఘాల డాళ్లు ఉంటాయి. లవంగాలుంటే పచారీవాళ్లు, పీపాలుంటే సారాయి వర్తకులు, కన్యతల ఉంటే పట్టు బట్టలవాళ్లు. నడుమ మూడు పొడి అక్షరాలు త్రికోణంగా పెడతారు, పైన ఇంటిపేరు, కింద మొగుడూ పెళ్లాల పేర్లు. ఈ బిళ్ల మీద అవేవీ లేవు.

మిగిలింది లెక్కబిళ్ల, అంటే జెటన్. చెలామణీ కోసం కాదు, కూడికలూ తీసివేతలూ చేసుకోవడానికి. అవి ఎక్కువగా ఇత్తడివి. మీరు రాగి అంటున్నారు. సాంద్రత చూశారా?

#9 రాగిబిళ్ల

చూశాను. గ్లాసులో నీళ్లు పోసి స్కేలు మీద పెట్టి సున్నా చేశాను. బిళ్లను దారంతో వేలాడదీసి అడుగు తాకకుండా ముంచాను. 0.18 చూపించింది. 1.60ని 0.18తో భాగిస్తే 8.89. రాగి 8.9 కదా, అందుకే రాగి అన్నాను.

#10 తూకంపిచ్చి

చేసిన తీరు సరైనదే. స్కేలు సరిపోదు.

మీ స్కేలు 0.01 గ్రాము దాకే చూపిస్తుంది. 0.18 అన్నచోట అసలు విలువ 0.185 కూడా కావచ్చు. ఒక్క అంకె మారి 0.19 అని చూపిస్తే లెక్క 8.42కి పడుతుంది, అది ఇత్తడి. 0.20 అయితే 8.00. చివరి అంకె ఒక్కటి కదిలితే లోహమే మారిపోతోంది. ఇంత చిన్న బిళ్లకు 0.001 చూపించే స్కేలు ఉండాలి. 10 గ్రాములు దాటిన నాణేనికైతే 0.01 స్కేలు చాలు.

తప్పులు ఎక్కడ వస్తాయంటే, బిళ్లకు అంటుకున్న గాలిబుడగల దగ్గర. ఒక్క బుడగ ఉన్నా సాంద్రత తగ్గి కనిపిస్తుంది. నీళ్లలో ఒక చుక్క గిన్నెలు తోమే సబ్బు వేసి, బిళ్లను ముందే తడిపి ముంచండి. దారం సన్నటి నైలాన్‌ది పెట్టండి, నూలు దారం నీళ్లు తాగుతుంది. దారం ఒక్కదాన్నే అంతే లోతు ముంచి సున్నా చేయండి. మూడుసార్లు చేసి మూడూ రాయండి. నచ్చిన ఒక్కటి రాయొద్దు.

#11 చిలుము

రంగును నమ్మొద్దని కూడా చెప్పాలి. మొదటి పోస్టులో ‘గులాబీ ఛాయ’ అన్న మాట చూడగానే నాకు అనుమానం వచ్చింది. దీన్ని అంతకుముందు ఎవరో పులుపులో వేసి తోమారు. నిమ్మరసం, వెనిగర్, మరేదో.

ఇత్తడి అంటే రాగి, జింకు కలిసినది. పులుపు తగిలితే ముందు జింకు కరిగి పోతుంది, రాగి పైన మిగులుతుంది. కరిగిన చిలుములోని రాగి కూడా తిరిగి పైన పొరలా పేరుకుంటుంది. ఇత్తడి బిళ్ల గులాబీ రంగులో రాగిలా మెరుస్తుంది. లోపల మాత్రం ఇత్తడే. అంచున ఎక్కడైనా పాత గీతో, చిన్న నొక్కో ఉంటే భూతద్దంతో దాని లోపల చూడండి. పసుపు తేలితే విషయం తెలిసిపోతుంది. అందుకోసం కొత్తగా గీయొద్దు, ఆకురాయి ముట్టుకోవద్దు. ఎక్స్‌రే యంత్రంతో లోహ పరీక్ష చేయించినా అది పైపొరనే చదువుతుంది, ఇలా తోమిన బిళ్లకు రాగి ఎక్కువ చూపిస్తుంది. ఇక్కడ సాంద్రతే నయం, అది మొత్తం బిళ్లను తూస్తుంది.

ఇకముందు శుభ్రం చేయడమంటే డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టి, మెత్తటి కుచ్చుతో అద్ది, వెంటనే ఆరబెట్టడం వరకే. అక్షరాలు కనిపించడం లేదని గట్టిగా రుద్దితే ఉన్న సగమూ పోతుంది.

#12 అక్షరంముక్క

అక్షరాల సంగతికి వస్తున్నాను. కనిపించడం లేదంటే నూటికి తొంభైసార్లు వెలుతురు తప్పు. గదిలో లైటు ఆర్పి, టార్చిని బల్లకు దాదాపు ఆనించి, 10–15 డిగ్రీల ఎత్తులో పక్కనుంచి వేయండి. కెమెరా కదలకూడదు, టార్చి మాత్రం చుట్టూ ఎనిమిది చోట్ల నుంచి వేసి ఎనిమిది ఫొటోలు తీయండి. ఒక కోణంలో కనబడని గీత ఇంకో కోణంలో లేస్తుంది. నిలువు గీతలకు పక్కవెలుతురు కావాలి, అడ్డగీతలకు పైనుంచో కిందనుంచో కావాలి. అందుకే ఒక్క ఫొటోలో ఐ కనిపించి పక్కనే ఉన్న ఈ అడ్డగీతలు మాయమై అదీ ఐ లాగే ఉంటుంది.

ఇంకో చిక్కు. కింది నుంచి వెలుతురు పడ్డ ఫొటోలో ఉబ్బెత్తు అక్షరాలు గుంటల్లా కనిపిస్తాయి. కన్ను వెలుతురు పైనుంచే వస్తుందని అనుకుంటుంది కదా. ఫొటో పెట్టేటప్పుడు వెలుతురు ఎటునుంచో రాయండి.

చదివేటప్పుడు ఈ కాలపు రాతలో యు ఉండదు, దాని చోట వి. జె చోట ఐ. డబ్ల్యూని ఒక్కోసారి రెండు వి అక్షరాలు పెనవేసి చెక్కుతారు. ఎన్ అద్దంలో చూసినట్టు తిరగబడి ఉండటం మామూలే, అచ్చు మీద ఎదురు దిశలో చెక్కాలి కాబట్టి చెక్కేవాడికి పొరపాటు జరుగుతుంది. మాటకూ మాటకూ మధ్య జాగా బదులు చిన్న పువ్వో చుక్కో ఉంటుంది. ముందు అక్షరాలను ఒక గుండ్రం గీసి, గడియారంలో ఎక్కడెక్కడ పడ్డాయో అక్కడక్కడే రాయండి. అరిగిపోయిన చోట చుక్కలు పెట్టండి, ఊహించి నింపొద్దు.

#13 రాగిబిళ్ల

చెప్పినట్టే చేశాను.

సాంద్రత: 0.001 స్కేలు మీద బరువు 1.604. నీళ్లలో 0.189, 0.190, 0.189. అంటే 8.49, 8.44, 8.49. అంచున ఒక పాత నొక్కులో భూతద్దంతో చూస్తే పసుపే. చిలుము గారు చెప్పినట్టు ఇత్తడి.

గోళం వైపు రాత: 12 దగ్గర పువ్వు. 1 నుంచి 3 దాకా అరిగింది, 2 దగ్గర ఓ లాంటి గుండ్రం. 3 నుంచి 5 మధ్య ఆర్-ఈ-ఐ-సి-హెచ్. తర్వాత చుక్క. తర్వాత ఒక అక్షరం, బి అయినా కావచ్చు, ఆర్ అయినా కావచ్చు. తర్వాత జాగా అంతా చదును. 9 దాటాక ఈ, ఆ పక్కన రెండు వి-లు పెనవేసినట్టు, తర్వాత ఐ.

కిరీటాల వైపు: 4 నుంచి ఏ-వి-డబ్ల్యూ-ఐ-ఎన్-సి-కె. 9 తర్వాత ఐ-ఎన్, చుక్క, ఎన్-వి.

జర్మన్‌లో ఓక్ చెట్టును ఐషె అంటారు కదా, ఈ-ఐ-సి-హెచ్ అంటే దానికేమైనా సంబంధం ఉందా అనుకున్నాను. ఇప్పుడు ముందు ఆర్ కూడా తేలింది.

#14 అక్షరంముక్క

ఇప్పుడు దారి తేలికైంది. కిరీటాల వైపు చివర ఐ-ఎన్, ఎన్-వి అంటే ‘ఇన్ న్యూర్...’. వి-ని యు గా చదవాలి. న్యూరెంబర్గ్, జర్మనీలోని ఊరు. దాని ముందున్నది తయారీదారు పేరు. ఏ-వి-డబ్ల్యూ-ఐ-ఎన్-సి-కె వచ్చే పేరు ఆ ఊళ్లో క్రావ్‌వింకెల్ ఇంటిది. మొత్తం ‘హాన్స్ క్రావ్‌వింకెల్ ఇన్ న్యూర్’ అని ఉండాలి. హాన్స్‌కు ఎన్ ఒకటి ఉన్నవీ రెండు ఉన్నవీ దొరుకుతాయి, అందుకే అరిగిన చోట ఎన్ని అక్షరాలు పడతాయో లెక్కపెట్టి రాయడం నయం.

వెనక ఆర్-ఈ-ఐ-సి-హెచ్, అంటే ‘రైష్’ అని చూసి ఆగిపోతే తప్పు జరుగుతుంది. ఇదే తయారీదారు బిళ్లల మీద రైష్ వచ్చే నీతివాక్యాలు రెండు ఉన్నాయి. ఒకటి ‘గోటెస్ రైష్ బ్లైబ్ట్ ఎవిక్’, దేవుని రాజ్యం శాశ్వతం. రెండోది ‘గోటెస్ సేగెన్ మాఖ్ట్ రైష్’, దేవుని దీవెన ధనవంతుణ్ని చేస్తుంది. ఒకే మాట, మొదటిదానిలో రాజ్యం, రెండోదానిలో సంపన్నుడు. తేడా చోటులో ఉంది. రెండోదానిలో రైష్ చివర వస్తుంది, దాని వెంటే 12 దగ్గరి పువ్వు రావాలి. మీదానిలో రైష్ 3 నుంచి 5 మధ్యే పడింది, దాని తర్వాత ఇంకో అక్షరం ఉంది. ఆ అక్షరం బి. 9 తర్వాత ఈ-డబ్ల్యూ-ఐ అంటే ఎవిక్. మొదటి వాక్యమే.

రైష్ ఒక్కటే కనబడి, దాని చోటు రాసుకోకపోయి ఉంటే తేల్చలేకపోయేవాళ్లం. గడియారం లెక్కలో రాయమన్నది అందుకే.

#15 డాలుగీత

నేను మనసులో అనుకున్న ఊరూ న్యూరెంబర్గే. అది పవిత్ర రోమన్ సామ్రాజ్యంలో చక్రవర్తికి నేరుగా లోబడ్డ నగరం. చక్రవర్తి కిరీటం, రాజదండం, గోళం 1424 నుంచి 1796 దాకా ఆ ఊళ్లోనే భద్రపరిచారు. ఆ ఊరి బిళ్లల మీద గోళం ఉండటం సహజంగానే అనిపిస్తుంది. అయినా దాన్ని ఊరి చిహ్నం అనుకోవద్దు. ఊరి డాలులో చూసేవాడికి ఎడమ సగంలో సగం డేగ, కుడి సగంలో ఏటవాలు పట్టీలు ఉంటాయి. ఈ బిళ్ల మీద తయారైన ఊరి డాలు కూడా లేదు.

పువ్వు–గోళం జంటను ఒక్క తయారీదారే వాడలేదు. 1500ల మొదట్లో పేరు లేకుండా, అర్థంపర్థం లేని అక్షరాలు చుట్టూ పరిచి కొట్టినవి ఉన్నాయి. అవి చేతికొస్తే మాట చదవాలని రాత్రంతా కూర్చోవద్దు, అక్కడ మాటే లేదు. తర్వాత హాన్స్ షూల్టెస్, డామియానస్ క్రావ్‌వింకెల్, వుల్ఫ్ లౌఫర్ లాంటివాళ్లు తమ పేర్లతో అదే జంట కొట్టారు. కాబట్టి బొమ్మతో ఊరు దాకా వెళ్లొచ్చు. మనిషినీ కాలాన్నీ చెప్పేది పేరు మాత్రమే.

#16 కోటబురుజు

ఒప్పుకుంటున్నా. మరి కాలం ఎప్పుడు? హాన్స్ ఒక్కడేనా?

#17 అక్షరంముక్క

ఇద్దరు. మొదటి హాన్స్ 1562 నుంచి 1586 దాకా, రెండో హాన్స్ 1586 నుంచి 1635 దాకా. ఈ ‘గోటెస్ రైష్’ నీతివాక్యం రెండో హాన్స్ బిళ్లల్లో వస్తుంది. ఆయన వాక్యాల్లో ‘హాయిట్ రోట్ మోర్గెన్ టోట్’ కూడా బాగా కనిపిస్తుంది. ఇవాళ ఎర్రగా, రేపు శవంగా అని. లెక్కలు చూసుకునేవాడి వేళ్ల కింద ఆ మాట ఎలా ఉండేదో!

#18 వంకరఅంచు

పేరు తేలినా అచ్చు అసలుదా, తర్వాత పోతపోసినదా చూడాలి. అసలైనవి పలచటి ఇత్తడి రేకులోంచి కత్తిరించి సుత్తితో కొట్టినవి. అందుకే అంచు పూర్తి గుండ్రంగా ఉండదు, ఎక్కడో ఒకచోట చదునుగా తెగి ఉంటుంది. బిళ్లను గాజు మీద పెడితే కొంచెం ఊగుతుంది. బొమ్మ ఒక పక్కకు జరిగి అటువైపు అక్షరాలు సగం తెగిపోవడం చాలా మామూలు. ఒక్కోసారి దెబ్బ రెండుసార్లు పడి అక్షరాలకు నీడలా ఇంకో గీత ఉంటుంది.

పోతపోసినవాటికి అంచు చుట్టూ సన్నటి అతుకుగీత ఉంటుంది, లేదా దాన్ని అరగదీసిన ఆకురాయి గీతలుంటాయి. చదునుగా ఉన్న జాగాలో సూదిమొన గుంటలు ఉంటాయి, బుడగలవి. అక్షరాల గోడలు నిటారుగా లేవకుండా సబ్బులా జారి ఉంటాయి. అరుగుదలకీ దీనికీ తేడా ఉంది. అరిగితే పైభాగం చదునవుతుంది, అక్షరం మొదలు మాత్రం పదునుగానే ఉంటుంది. పోతలో మొదలు కూడా మొద్దుగా ఉంటుంది. ఇప్పుడు అమ్మే చారిత్రక వేషాల కోసం చేసినవైతే మందం, గుండ్రం రెండూ మరీ ఒద్దికగా ఉంటాయి.

#19 రాగిబిళ్ల

అతుకు లేదు. 7 దగ్గర అంచు చదునుగా తెగింది. గాజు మీద ఊగుతోంది. మందం 0.5 నుంచి 0.7 దాకా మారుతోంది. ఇంతకీ దీంతో లెక్కలు ఎలా వేసేవారు? బిళ్ల మీద అంకె లేదు కదా.

#20 లెక్కలబల్ల

అంకె బిళ్ల మీద ఉండదు, బల్ల మీద ఉంటుంది. బల్ల మీదో గుడ్డ మీదో అడ్డంగా నాలుగు గీతలు. కింది నుంచి పైకి 1, 10, 100, 1000. గీతల మధ్య ఖాళీల విలువ 5, 50, 500. బిళ్ల ఎక్కడ పడితే ఆ విలువ.

1768 పెట్టాలంటే వెయ్యి గీత మీద ఒకటి, 500 ఖాళీలో ఒకటి, వంద గీత మీద రెండు, 50 ఖాళీలో ఒకటి, పది గీత మీద ఒకటి, 5 ఖాళీలో ఒకటి, ఒకట్ల గీత మీద మూడు. మొత్తం పది బిళ్లలు. కూడాలంటే రెండో సంఖ్యను కూడా అదే బల్ల మీద పేర్చి, గీత మీద ఐదు చేరితే తీసేసి పై ఖాళీలో ఒకటి పెడతారు. ఖాళీలో రెండు చేరితే తీసేసి పై గీత మీద ఒకటి. రోమన్ అంకెలు వాడేవాళ్లకు కాగితం మీద కూడటం కంటే ఇదే తేలిక.

అందుకే ఇవి పలచగా ఉంటాయి. ఒక్క వేలితో బల్ల మీద జరపాలి, పెద్ద లెక్కకు పదుల సంఖ్యలో కావాలి. ఖరీదైన లోహం అక్కర్లేదు. డబ్బులా చెల్లే పనీ లేదు. అసలు డబ్బుగా ఎవరైనా చెల్లించేస్తారేమోనన్న భయమే ఎక్కువ. ఇంగ్లండులో అంతకు ముందు తయారైన లెక్కబిళ్లలకు వెండి పెన్నీలుగా మోసం చేయకుండా నడుమ గుంటో చిల్లో వేసేవారు.

#21 కోటబురుజు

అలాగైతే నడుమ చిల్లుంటే అన్నీ ఇంగ్లండువేనా?

#22 లెక్కలబల్ల

కాదు. అంచుకు దగ్గరగా, ఒకవైపు నుంచి పొడిచి రెండోవైపు గరుకు లేచిన చిల్లు ఉంటే అది తర్వాత ఎవరో మెడలో వేసుకోవడానికో, బట్టకు కుట్టుకోవడానికో పొడిచినది. ఏ ఊరి బిళ్లకైనా ఉండొచ్చు. నేను చెప్పిన గుంట సరిగ్గా నడుమ ఉంటుంది, చాలాసార్లు అటువైపుకు పూర్తిగా దిగదు కూడా.

#23 రాగిబిళ్ల

ఒక చివరి అనుమానం. గోళం పక్కన గుంటలో లేత ఆకుపచ్చ పొడి ఉంది. తుడిచాక రెండు రోజులకు మళ్లీ వచ్చింది.

#24 చిలుము

గట్టిగా, ముదురు ఆకుపచ్చగా అంటుకుని ఉన్నదాన్ని ముట్టుకోవద్దు, అది బిళ్లను కాపాడుతుంది. లేతగా, పొడిపొడిగా, తుడిస్తే మళ్లీ వచ్చేది మాత్రం ప్రమాదం. లోపల ఉప్పుజాతి క్లోరైడు చిక్కుకుంది. తేమ తగిలినప్పుడల్లా అది లోహాన్ని తింటూ పోతుంది. పులుపుతో తోమి సరిగ్గా కడగని బిళ్లలకు కూడా ఇది వస్తుంది.

ముందు పొడిని చెక్క పుల్లతో దులపండి, ఇనుప సూది వద్దు. తర్వాత డిస్టిల్డ్ వాటర్‌లో వేసి నీళ్లు రోజూ మార్చండి, రెండు మూడు వారాలు. కుళాయి నీళ్లలోనే క్లోరైడు ఉంటుంది, వాటితో పని జరగదు. మొండిదైతే సోడియం సెస్క్విక్లోరైడ్ 5 శాతం ద్రావణం...

#25 చిలుము

పైన తప్పు పడింది, సెస్క్వికార్బొనేట్ అని చదవండి. ఇదొక్కటి తారుమారైతే పని చెడుతుంది. 5 శాతం అంటే లీటరు నీళ్లకు 50 గ్రాములు. వారానికోసారి మార్చాలి. బిళ్ల పైరంగు కొంత మారే ప్రమాదం ఉంది, అందుకే మొదట ఉత్త నీళ్లే. అయ్యాక అసిటోన్‌లో ముంచి తీసి పూర్తిగా ఆరబెట్టి, సిలికా జెల్ పొట్లంతో గాలి చొరని డబ్బాలో పెట్టండి. గాలిలో తేమ 40 శాతం దాటకపోతే మళ్లీ లేవదు. మెత్తటి పీవీసీ కవర్లలో పెట్టొద్దు, అవి వదిలే ఆమ్లం ఇత్తడిని ఆకుపచ్చగా జిగురు పట్టిస్తుంది. నెల తర్వాత తీసి చూడండి. పొడి లేకపోతే అప్పుడు మైనం పూత.

#26 రాగిబిళ్ల

కవరు మీద ఇలా రాశాను, తప్పుంటే దిద్దండి:

‘లెక్కబిళ్ల. న్యూరెంబర్గ్. రెండో హాన్స్ క్రావ్‌వింకెల్, 1586–1635. ఇత్తడి. 22 మి.మీ., 1.604 గ్రా., సాంద్రత 8.4–8.5. ముందు: పువ్వు చుట్టూ మూడు కిరీటాలు, మూడు లిల్లీలు. రాత: చుక్కలు–ఏవిడబ్ల్యూఐఎన్‌సికె–చుక్కలు–ఐఎన్–ఎన్‌వి–చుక్కలు. వెనక: మూడు వంపుల చట్రంలో రాజగోళం. రాత: చుక్కలు–ఓ–చుక్కలు–ఆర్‌ఈఐసిహెచ్–బి–చుక్కలు–ఈడబ్ల్యూఐ–చుక్కలు. పులుపుతో తోమినది. గోళం పక్కన క్లోరైడు పొడి.’

#27 అక్షరంముక్క

బాగుంది. బి తర్వాత ప్రశ్నార్థకం పెట్టండి. మీ కంటికి అది బి–ఆర్ మధ్య తేలలేదు, వాక్యాన్ని బట్టి బి అన్నది నేను.

#28 వంకరఅంచు

అచ్చుల కోణం రాయలేదు. ముందువైపు పువ్వు గుర్తు 12 దగ్గర పెట్టి, పక్కకు తిప్పి, వెనక పువ్వు గుర్తు ఏ గంట దగ్గర పడిందో రాయండి. మొదట మీకు శిలువ కింద కనిపించింది కాబట్టి 6కి దగ్గర్లో ఉంటుంది.

#29 రాగిబిళ్ల

ఆరున్నర. రాశాను. బి పక్కన ప్రశ్నార్థకం కూడా.